తీసేసింది ఒకందుకు, రాసింది ఇంకొకందుకు

పొద్దున్నే షిఫ్టుకు వెళ్తే గేటు దగ్గర మిషను మీద వేలు పెట్టినా పంచింగ్ పడదు. సెక్యూరిటీ అతను మొహం పక్కకు తిప్పుకుని "హెచ్‌ఆర్ సార్‌ను కలవమన్నారు అన్నా" అంటాడు. హెచ్‌ఆర్ గదిలో నోటితో చెప్పేది ఒకటి: "ఆర్డర్లు లేవు, ఏం చెయ్యలేం." వారం తర్వాత ఇంటికొచ్చే ఉత్తరంలో ఉండేది ఇంకొకటి: "మీరు ఫలానా తేదీ నుంచి చెప్పకుండా పని మానేశారు." నెల్లూరు తీరంలో రొయ్యల ప్లాంటు కావచ్చు, ఒంగోలు ట్రంక్ రోడ్డులో బట్టల షాపు కావచ్చు, చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ కావచ్చు, నోటి మాటకూ కాగితం మీది మాటకూ ఇంత దూరం ఉండటం కొత్తేమీ కాదు.

చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా కూడా ఎక్కడైనా ఒకటే: "పోనీలే అన్నా, ఏదో ఒకటి రాసుకున్నారు. ఇంకో పని చూసుకో." ఈ సలహాతోనే నా పేచీ. ఉద్యోగం పోనీ, దాన్ని వదులుకోవడంలో తప్పులేదు. కారణాన్ని మాత్రం ఊరికే వదలకూడదు. ఆ కారణానికి ఖరీదుంది, అది రూపాయల్లో లెక్కకొస్తుంది.

లెక్క చూడండి. బేసిక్, డీఏ కలిపి నెలకు 15,600 రూపాయల జీతం, సర్వీసు 6 సంవత్సరాల 4 నెలలు. పని తగ్గి తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఒక నెల ముందు నోటీసివ్వాలి, లేదంటే ఆ నెల జీతం 15,600 ఇవ్వాలి. సర్వీసులో ప్రతి సంవత్సరానికీ సగం నెల జీతం చొప్పున ఆరేళ్లకు 46,800 పరిహారం. కొత్త లేబర్ కోడ్ (కార్మిక చట్టం) ప్రకారం, తీసేసినవాళ్ల కోసం పెట్టిన రీస్కిల్లింగ్ నిధి నుంచి మరో 15 రోజుల జీతం, అంటే 7,800. మొత్తం 70,200. అదే మనిషిని కాగితం మీద "స్వయంగా రాజీనామా చేశాడు" అని చూపిస్తే ఈ 70,200లో ఒక్క రూపాయి రాదు. గ్రాట్యుటీ మాత్రం వస్తుంది: నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, మళ్లీ 6తో గుణిస్తే 54,000. "దొంగతనం చేశాడు" అని రాస్తే ఆ 54,000 మీద కూడా చెయ్యి పడుతుంది, ఎందుకంటే నైతిక పతనం కిందకొచ్చే నేరం పనిలో ఉండగా చేశాడంటే గ్రాట్యుటీని పూర్తిగా గానీ కొంత గానీ ఆపే అధికారం యజమానికుంది. మనిషి అతనే, పోయిన పని అదే, కాగితం మీద మాట మారినందుకు తేడా 1,24,200 రూపాయలు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) సంగతి దీనికి అదనం. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద పని పోయినవాళ్లకు రోజు వేతనంలో సగం చొప్పున, జీవితంలో ఒకసారి, 90 రోజుల వరకు ఇస్తారు. 2018 జులై నుంచి గడువు పొడిగిస్తూ వస్తున్న పథకం ఇది, కాబట్టి అప్లై చేసే ముందు బ్రాంచి ఆఫీసులో ఒకసారి అడగండి. దుష్ప్రవర్తనకు శిక్షగా తీసేసినవాళ్లకూ తమంతట తాము మానుకున్నవాళ్లకూ ఇది వర్తించదు. అంటే తప్పుడు కారణం రాసిన ఉత్తరం ఆ తలుపు కూడా మూస్తుంది.

ఇంత చెప్పాక యజమానులంతా కక్షతోనే అబద్ధాలు రాస్తారని నేను అనను. చాలాచోట్ల అది కక్ష కాదు, ఖర్చు మిగుల్చుకోవడం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు రొయ్యల ఎగుమతికి తగిలిన దెబ్బ ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆర్డరు తగ్గడం రొయ్యల్ని సైజు వారీగా వేరుచేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబడే మనిషి తప్పు కాదు. ఆ నిజం రాస్తే పరిహారం కట్టాలి. "పనితీరు బాగాలేదు" అని రాస్తే కట్టక్కర్లేదనుకుంటారు. ఆ మాట రాసేది కూడా చాలాసార్లు పాత ఉత్తరంలో పేరూ తేదీ మార్చే గుమస్తానే. ఈ సంగతి గుర్తుంటే కోపం కొంచెం దిగుతుంది, దిగాలి కూడా. కోపంలో రాసిన జవాబులే కేసుల్ని చెడగొడతాయి.

మొదటి రోజు చెయ్యాల్సిన పని ఒక్కటే: చదవకుండా దేని మీదా సంతకం పెట్టకపోవడం. "ఇది ఫార్మాలిటీ, సెటిల్‌మెంట్ త్వరగా వస్తుంది" అని ముందుకు తోసే కాగితం తొంభై పాళ్లు రాజీనామానే. ఖాళీ వోచర్ల మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం అడిగితే అంతకన్నా ప్రమాదం. ఉత్తరం అందినట్టు సంతకం పెట్టక తప్పకపోతే సంతకం పైన మీ చేతిరాతతో "ఇందులోని కారణాన్ని ఒప్పుకోవడం లేదు, ఉత్తరం అందుకున్నాను అంతే" అని రాసి, తేదీ, టైము వెయ్యండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకుండా బయటికొచ్చి, అదే రోజు జరిగింది జరిగినట్టు కంపెనీ మెయిల్‌కు పంపండి. ఇవ్వాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చెయ్యాలని వేతన కోడ్ చెబుతోంది, తీసేసినా మీరే మానుకున్నా అంతే. కాబట్టి "సంతకం పెడితేనే జీతం" అన్న బెదిరింపుకు చట్టంలో చోటు లేదు.

రెండో రోజు నుంచి ఆధారాల వేట. గేటు బయట పడ్డాక కంపెనీ రికార్డు మీ చేతికి రాదు, మీ దగ్గరున్నదే మీకు మిగిలేది. కనీసం 12 నెలల జీతం స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ నంబరు, గుర్తింపు కార్డు ఫొటో, ఓటీ (ఓవర్‌టైమ్) స్లిప్పులు, షిఫ్టు వాట్సాప్ గ్రూపులో మీ పేరున్న డ్యూటీ చార్టు సంపాదించండి. గ్రూపులోంచి తీసేసే లోపే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జోడించాలి. ఆ మెసేజ్ వచ్చిన అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని తేలిక, కాబట్టి కేసు తేలేదాకా ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యకండి. కంపెనీ కంప్యూటర్లోంచి కస్టమర్ల జాబితాలు, రేట్ల షీట్లు మాత్రం కాపీ చేసుకోవద్దు. లేని తప్పు మోపినవాడికి ఉన్న తప్పు మీరే అందించినట్టవుతుంది.

అన్నిటికన్నా తరచుగా వాడే తప్పుడు కారణం "పని మానేశాడు". హెచ్‌ఆర్ భాషలో అబ్‌స్కాండింగ్. దీనికి ఎంక్వైరీ అక్కర్లేదని వాళ్ల నమ్మకం, ఆ నమ్మకం తప్పు. డీకే యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే తేల్చింది: ఎనిమిది రోజులు రాలేదని స్టాండింగ్ ఆర్డర్ (సంస్థ సర్వీసు నియమావళి) చూపించి, సంజాయిషీ అడగకుండా పేరు కొట్టెయ్యడం చెల్లదని. అంతకుముందు 1979లో జీటీ లాడ్ కేసులో, పని వదిలేయడం అనేది మనిషి ఉద్దేశాన్ని బట్టి తేలాల్సిన విషయమని చెప్పింది. ఈ రెండోదాన్ని పట్టుకోండి. ఉద్దేశం మీది కాబట్టి, అది లేదని రుజువు చేసే కాగితం పుట్టించగలిగేది కూడా మీరే.

ఇక్కడ తరచూ జరిగే ఒక తిరకాసు ఉంది. మనిషి ఉండేది నెల్లూరు మూలాపేటలో అద్దె గదిలో, ఆధార్‌లో ఉండేది ఉదయగిరి దగ్గర ఊరి చిరునామా. కంపెనీ "వెంటనే డ్యూటీకి రండి" అని మూడు నోటీసులు ఊరి చిరునామాకు పంపుతుంది. అవి తిరిగొస్తాయి. "మూడుసార్లు పిలిచాం, రాలేదు" అని ఫైలు తయారవుతుంది. అందుకే గేటు దగ్గర ఆపిన రోజే మీ ఇప్పటి చిరునామాతో ఒక ఉత్తరం వెళ్లాలి. ఊళ్లో ఇంటికొచ్చే పోస్టును తిప్పి పంపొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. సరిగ్గా చిరునామా రాసి పంపిన ఉత్తరం అందినట్టే చట్టం భావిస్తుంది, "తీసుకోలేదు" అని తిరిగిరావడం మనకే ఎదురు తిరుగుతుంది.

కంపెనీ ఉత్తరం అందాక దానికి మీ జవాబు ఎలా ఉండాలి? ఒక పేజీ దాటకూడదు. తెలుగులో రాసినా చాలు. ఇలా:

"అయ్యా, నేను 2019 జూన్ నుంచి మీ ప్లాంటులో గ్రేడింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఈ నెల 4వ తేదీ ఉదయం 6 గంటల షిఫ్టుకు వస్తే గేటు దగ్గర లోపలికి రానివ్వలేదు. 9వ తేదీన అందిన మీ ఉత్తరంలో నేను 1వ తేదీ నుంచి చెప్పకుండా పని మానేశానని ఉంది. అది నిజం కాదు. 1, 2, 3 తేదీల్లో డ్యూటీ చేశాను. ఆ రోజుల పంచింగ్ రికార్డు, 2వ తేదీ ఓటీ స్లిప్పు అందుకు ఆధారం. నేను పని మానలేదు, మానే ఉద్దేశం లేదు, ఇప్పటికీ పనికి సిద్ధంగా ఉన్నాను. మీ ఉత్తరంలోని కారణాన్ని సరిదిద్ది ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు. ఆ మూడు రోజుల పంచింగ్ రికార్డు, గేటు సీసీటీవీ ఫుటేజీ చెరిపెయ్యకుండా ఉంచగలరు."

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు, పదేళ్ల చరిత్ర లేదు. తేదీలున్నాయి. చివరి వాక్యం ముఖ్యం, సీసీటీవీ ఫుటేజీ కొన్ని వారాలకు దానంతట అదే చెరిగిపోతుంది. ఉంచమని రాతలో అడిగాక లేదంటే, ఎందుకు లేదో వాళ్లు చెప్పుకోవాలి. జనం చేసే పొరపాట్లు ఎక్కువగా ఈ ఉత్తరంలోనే. "ఒక్కోసారి లేటుగా వచ్చిన మాట నిజమే కానీ" అని అడగని తప్పు ఒప్పుకుంటారు. "నాకు న్యాయం చేయండి, లేకపోతే సెటిల్‌మెంట్ ఇచ్చెయ్యండి" అని రాసి, పని వద్దనుకున్నట్టు వాళ్లకు దొరికిపోతారు. కారణంలో సగం నిజం ఉంటే (నాలుగు రోజులు రాకపోతే పన్నెండని రాశారనుకోండి) ఆ నాలుగు రోజుల్నీ దాచకండి, సెలవు చీటీయో ఆస్పత్రి రసీదో జతచేసి మిగతా ఎనిమిదే కొట్టెయ్యండి.

ఒక కాపీ గేటు దగ్గర ఇచ్చి రిసీవ్డ్ ముద్ర అడగండి. వెయ్యరు. అందుకే ఇంకొకటి పోస్టులో. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్ కూడా పెట్టమని కౌంటర్లో అడగండి. డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసి రసీదుకు పిన్ను కొట్టండి. కవరు తిరిగొస్తే మాత్రం విప్పకండి, మూసిన కవరే సాక్ష్యం.

దొంగతనం, మోసం, కొట్లాట అని రాస్తే దారి వేరు. అక్కడ ఛార్జిషీటు (మీ మీద ఆరోపణలేంటో కంపెనీ రాసిచ్చే కాగితం) ఉండాలి, జవాబుకు గడువు ఉండాలి, సాక్షుల్ని మీరు ప్రశ్నించే వీలుండాలి, ఎంక్వైరీ రిపోర్టు కాపీ మీకివ్వాలి. సస్పెన్షన్‌లో పెడితే స్టాండింగ్ ఆర్డర్లున్న సంస్థలో మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మీవల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం రావాలి. రొయ్యల ప్లాంట్ల ల్యాబుల్లో ఇంకో రకం "నిర్లక్ష్యం" కనిపిస్తుంది. కంటైనర్‌లో యాంటీబయాటిక్ అవశేషం బయటపడితే నింద నాణ్యత చూసే క్యూసీ టెక్నీషియన్ మీదకొస్తుంది, మందు కలిసింది చెరువు దగ్గరైనా. అలాంటప్పుడు "నేను జాగ్రత్తగానే చేశాను" అనడం వల్ల లాభం లేదు. ఏ లాట్ నంబరు, చెరువు పట్టుబడికి ముందు టెస్టు ఎవరు చేశారు, శాంపిల్ రిజిస్టర్‌లో ఆ రోజు సంతకం ఎవరిది అని మూడు ప్రశ్నలు రాతలో అడగాలి.

ఎంక్వైరీ పెట్టలేదు కాబట్టి గెలిచినట్టే అని చాలామంది వకీళ్ల గుమస్తాలు చెబుతారు. నమ్మకండి. 1973 నాటి సుప్రీంకోర్టు ఫైర్‌స్టోన్ తీర్పు నుంచీ ఎంక్వైరీ లేకపోయినా యజమాని కోర్టులోనే మొదటిసారి తప్పు రుజువు చేసుకునే వీలుంది. అందుకే సొంత ఆధారాలు చేతిలో ఉండాలని ఇంతసేపు గొంతు చించుకోవడం.

ఎక్కడికెళ్లాలన్న దగ్గర జనం నెలలు పోగొట్టుకుంటారు. ఫ్యాక్టరీ, షాపు, ప్రైవేటు ఆస్పత్రి అయితే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయం. కృష్ణపట్నం చట్టం దృష్టిలో మేజర్ పోర్టు కాదు కాబట్టి అక్కడి కార్మికులకూ అదే దారి. చీమకుర్తి క్వారీలో రాయి తీసే మనిషి గనిలో పనిచేసినట్టు లెక్క, అతని వివాదం కేంద్ర కార్మిక శాఖ కిందకొస్తుంది. అదే రాయిని పక్కనే ఫ్యాక్టరీలో పాలిష్ చేసేవాడిది మళ్లీ రాష్ట్రమే. ఒకే దుమ్ము పీల్చే ఇద్దరికి రెండు ఆఫీసులు! కాంట్రాక్టరు కింద ఉంటే ఫిర్యాదులో కాంట్రాక్టరునూ ప్లాంటునూ ఇద్దరినీ చేర్చండి. ఒకరినే చేరిస్తే రెండోవాళ్ల మీదకు తోసేస్తారు.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. పాత చట్టంలో తీసేసిన వ్యక్తికి లేబర్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లుండేది. కొత్త కోడ్‌లో వివాదం పుట్టిన రెండేళ్లలోపు రాజీ అధికారి దగ్గరికి చేరాలి. ఆయనకు 45 రోజులు, ఆయన రిపోర్టు అందాక ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 90 రోజులు. "వర్కర్" అనే నిర్వచనంలోకి రావాలి, నెలకు 18,000 దాటిన సూపర్‌వైజరు రాడు. కార్డు మీద సూపర్‌వైజర్ అని ఉన్నంతమాత్రాన సూపర్‌వైజర్ అయిపోరు, చేసిన పనిని బట్టే చూస్తారు. రోజంతా టేబుల్ దగ్గర మీరూ రొయ్య ఒలిచి ఉంటే ఆ సంగతే రాయండి. దుకాణాల చట్టం వర్తించే షాపులో అయితే ఇంకో పట్టు ఉంది: తొలగింపు రాతలోనే ఉండాలి, కాపీ మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టరుకు పంపాలి. పంపారా లేదా అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పంపకపోతే, ఆ తర్వాత వండిన కారణానికి విలువ సగం పోయినట్టే.

ప్రైవేటు స్కూలు టీచర్లు మాత్రం ఈ దారిలో రావద్దు. టీచరు "వర్క్‌మన్" కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పేసింది. వాళ్లకు 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం ఉంది, ఎంక్వైరీ లేకుండా తీసెయ్యకూడదని దాని 79వ సెక్షన్. మేనేజర్ స్థాయి వాళ్లకు సివిల్ కోర్టే గతి, అక్కడ సాధారణంగా దక్కేది నోటీసు కాలం జీతం. పరువు నష్టం దావా గురించి అందరూ అడుగుతారు. రాతతో పోయిన పరువుకు సివిల్ దావా గడువు ఏడాదే, పైగా సదుద్దేశంతో రాశామని యజమాని తప్పించుకునే సందులున్నాయి. బెదిరించడానికి బావుంటుంది, డబ్బు తెచ్చిపెట్టదు. నేనైతే దాన్ని ఆఖరున కూడా పెట్టను.

వకీలు ఫీజు భయంతో ఆగిపోయేవాళ్లు తెలుసుకోవాల్సింది: పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, హెల్ప్‌లైన్ 15100.

అందరూ ట్రిబ్యునల్ దాకా వెళ్లాలని నా వాదన కాదు. ఎనిమిది నెలల సర్వీసుతో షాపులో పని పోయినవాళ్లు ఒక ఉత్తరం రాసి ఊరుకోవచ్చు. ఆరేళ్లు, పదేళ్లు చేసినవాళ్లు రాజీ సమావేశం దాకా తప్పకుండా వెళ్లాలి. మొదటి రెండు వాయిదాలకు యాజమాన్యం రాదు, మూడోదానికి ఒక ఆఫరుతో వస్తుంది. ఆ బేరంలో మనవాళ్లు డబ్బు అంకె మీదే కూర్చుంటారు. అంకెతో పాటు మాట కూడా మార్పించాలి. ఒప్పంద పత్రంలో పాత ఉత్తరం ఉపసంహరించుకున్నట్టు దాని తేదీతో సహా ఉండాలి, తొలగింపుకు కారణం పని తగ్గడమేనని ఉండాలి, జతచేసిన సర్వీసు సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, ఆఖరి తేదీ, హోదా తప్ప వ్యాఖ్య ఉండకూడదు, కొత్త కంపెనీ ఫోన్ చేస్తే అదే చెప్పాలని ఉండాలి. "రాజీనామా" అని రాస్తే సర్టిఫికెట్ శుభ్రంగా ఉంటుందని ఆశ పెడతారు. ఈఎస్‌ఐ భృతికి అర్హత ఉన్నవాళ్లు ఆ మాటకు ఒప్పుకోకూడదు. అర్హత లేక, పరిహారం మొత్తం చేతికొచ్చాక, కొత్త ఉద్యోగానికి అదే మేలనుకుంటే ఒప్పుకోవచ్చు.

ఒప్పందం అయిన నెలలో యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పోర్టల్ తెరిచి సర్వీసు హిస్టరీ చూడండి. పీఎఫ్ రికార్డులో దొంగతనం, పనితీరు లాంటి గడులు ఉండవు. ఉండేది సర్వీసు ఆగిపోవడం, రిటైర్మెంటు, మరణం, శాశ్వత వైకల్యం లాంటివే. అక్కడ తప్పయ్యేది తేదీ. "1వ తేదీ నుంచి మానేశాడు" అన్న పాత కథ ప్రకారం ఆఖరి తేదీ వెనక్కి పడి ఉంటే జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తుతో సరిచేయించాలి. దానికి యజమాని ఆమోదం కావాల్సి రావచ్చు, కాబట్టి ఆఖరి విడత చెక్కు తీసుకునే రోజే అక్కడే కూర్చుని ఆమోదింపజేసుకోండి.